వారంటీ తీరిన పిమ్మట టీవీ చెడినచో

దసరాకో సంక్రాంతికో తగ్గింపు ధరలలో కొని తెచ్చి, ముందుగది గోడకు ముచ్చటగా బిగించుకొనిన టీవీ, వారంటీ గడువు దాటిన కొలదినాళ్లకే తెర నల్లబడినదనియో, గొంతు పోయినదనియో వాపోవని కుటుంబము నేడు అరుదు. "సరిగ్గా ఏడాది నిండిందో లేదో పోయింది. తేదీ చూసుకుని మరీ పోయేట్టు తయారు చేస్తారు కాబోలు!" అను మాట ఏ వీధిలోనైనను వినవచ్చును. ఇందులో కోపము పాలు ఎక్కువయే గాని, దాని వెనుక నొక వాస్తవమును లేకపోలేదు. యంత్రములు చెడు కాలములు ప్రధానముగా రెండు. తయారీలో దొరలిన లోపము సామాన్యముగా మొదటి కొద్ది మాసములలోనే బయటపడును. వాడుక వలనను వేడిమి వలనను కలుగు అరుగుదల కొన్ని సంవత్సరముల తరువాత మొదలగును. టీవీలకు సాధారణముగా లభించు ఒక సంవత్సరపు వారంటీ ఈ రెంటిలో మొదటి కాలమునకు కాపుకాసి, రెండవదానిని యజమానికి విడిచిపెట్టును. కావున గడువు తీరినంత మాత్రమున ఆ వస్తువు ఆయువు తీరినట్లు కాదు. కొనినవాని హక్కులన్నియు అస్తమించినట్లును కాదు. ఖర్చు భరింపవలసిన చేయి మారినది, అంతియే. అట్లు మారిన క్షణమున "పోనీ, కొత్తది కొందాము" అని తొందరపడువారును, దారిని పోవు మెకానిక్కును పిలిచి పెట్టె అప్పగించువారును సమానముగా నష్టపోవుచున్నారు. ఏమి చెడినదో తెలిసికొనక ఒక్క రూపాయియు వెచ్చింపరాదన్న నియమమును పాటించినచో ఈ నష్టములో అధికభాగము తప్పిపోవును.

పెట్టె లోపలి సంగతి

హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీలు మధ్యతరగతి ఇండ్లలో కొలువుతీరిన దినములలో, మెకానిక్కు సోల్డరింగ్ ఐరన్ సంచిలో వేసికొని ఇంటికే వచ్చి, పిక్చర్ ట్యూబు వెనుక తల దూర్చి, గంటసేపు కుస్తీపట్టి బొమ్మ తెప్పించి పోవుచుండెడివాడు. నేటి ఎల్‌ఈడీ టీవీ అంతకన్న సూక్ష్మమైనదే యైనను, విప్పి చూచిన అందులోని ప్రధానభాగములు కొద్దియే. ఇంటికి వచ్చు 230 వోల్టుల కరెంటును లోపలి భాగములకు తగిన స్వల్ప వోల్టేజీలుగా మార్చు పవర్ సప్లై బోర్డు ఒకటి. సెట్‌టాప్ బాక్సు నుండియు, ఇంటర్నెట్టు నుండియు, పెన్‌డ్రైవు నుండియు వచ్చు సంకేతములను బొమ్మగాను శబ్దముగాను మలచు మెయిన్ బోర్డు మరియొకటి. ఆ బొమ్మను తెరమీది లక్షలాది చుక్కలకు పంచిపెట్టు టీకాన్ అను చిన్న బోర్డు మూడవది. ఇక మిగిలినది తెర, అనగా ప్యానెల్. దాని వెనుకనుండి వెలుగునిచ్చు ఎల్‌ఈడీ దీపముల పట్టీలు, అనగా బ్యాక్‌లైటు. కొన్ని చిన్న టీవీలలో మొదటి రెండు బోర్డులను కలిపి ఒక్కటిగా చేయుచున్నారు.

వీనిలో అత్యధికమైన వెల ప్యానెల్‌ది. తక్కిన భాగములలో ఏది చెడినను బాగుచేయించుట సామాన్యముగా గిట్టుబాటగును. ప్యానెల్ చెడినచో తరచుగా గిట్టుబాటు కాదు. అందుచేతనే "ప్యానెల్ పోయిందండీ, ఇక లాభం లేదు" అను మెకానిక్కు తీర్పు యజమానికి ఉరిశిక్షగా తోచును. ఆ తీర్పు కొన్నిమారులు సత్యము, కొన్నిమారులు తొందరపాటు, మరి కొన్నిమారులు కొత్త టీవీ అమ్ముకొనుటకు పన్నిన ఉపాయము. ఈ మూడింటిని వేరుచేసి చూచుటకు ఇంజనీరింగు చదువు అక్కరలేదు. లక్షణములను ఓపికగా గమనించిన చాలును.

మెకానిక్కును పిలువకముందు

మొట్టమొదట చెడినది టీవీయేనా అని విచారింపవలెను. బొమ్మ చెదరుచున్నను, గీతలు పడుచున్నను, రిమోటుతో టీవీ సొంత మెనూను తెరమీదికి రప్పింపవలెను. మెనూ నిర్మలముగా కనబడి, ఛానలు మాత్రమే చెదరుచున్నచో దోషము సెట్‌టాప్ బాక్సులోనో, కేబులులోనో, డిష్షులోనో కలదు; మెనూ మీదను అవే గీతలున్నచో దోషము టీవీలోనిదే. ఈ ఒక్క పరీక్షతో అనేక గృహములలో మెకానిక్కుకు చెల్లించు రాకపోకల రుసుము మిగిలిపోవును. రిమోటు పనిచేయనిచో దాని ముక్కును ఫోను కెమేరాకు ఎదురుగా పెట్టి బొత్తాము నొక్కవలెను; మన కంటికి కానరాని కిరణము కెమేరాలో చిన్న వెలుగుగా మినుకుమన్నచో రిమోటు ఆరోగ్యముగానే యున్నదన్నమాట. కొన్ని ఫోనుల వెనుక కెమేరాలు ఈ కిరణమును అడ్డగించును గావున ముందు కెమేరాతో చూచుట మేలు. టీవీ బొత్తిగా స్పందింపనిచో ప్లగ్గు తీసి, అయిదు నిమిషములు ఆగి, వేరొక సాకెట్టులో పెట్టి చూడవలెను. బిగుసుకొనిపోయిన స్మార్ట్ టీవీలు కొన్ని ఈ మాత్రమునకే తెప్పరిల్లును.

అటుపిమ్మట లక్షణములు. ఎర్రలైటు సైతము వెలుగనిచో అనుమానము పవర్ బోర్డు మీదికి పోవును. ఫ్యూజు మాడుటయో, కెపాసిటరు ఉబ్బుటయో తరచుగా కారణము. లైటు ఆగి ఆగి మినుకుమనుచు టీవీ తెరచుకొననిచో, లోపల నేదో దోషమును గుర్తించి యంత్రము తన్ను తాను ఆపుకొనుచున్నదని అర్థము. కొన్ని కంపెనీల టీవీలలో ఎన్నిమారులు మినుకుమన్నదను లెక్కయే దోషము జాడ చెప్పును. కంపెనీ గుర్తు వరకు వచ్చి అక్కడనే నిలిచిపోవుచున్నను, మాటిమాటికి తానే ఆగి మరల మొదలగుచున్నను, సాఫ్ట్‌వేరునో మెయిన్ బోర్డునో శంకింపవలెను. తెర నిలువునా గీతలు పడుట, సగము తెర తెల్లబారుట వంటివి టీకాన్ బోర్డు వలనను కలుగవచ్చును, ప్యానెల్ అంచున అతికించిన సన్నని ఫిల్ము పట్టీలు ఊడుట వలనను కలుగవచ్చును. మొదటిది మార్చదగినది, రెండవది తరచుగా అసాధ్యమైనది. తెర పగిలినచో ఇక చర్చయే లేదు. అది వారంటీ కాలమున జరిగినను కంపెనీలు సామాన్యముగా భరింపవు.

శబ్దము వచ్చుచు బొమ్మ రానిచో

అన్నింటికన్న ఎక్కువగా మోసపుచ్చు లక్షణమిది. శబ్దము చక్కగా వినవచ్చును, ఛానలు మారును, తెర మాత్రము కటిక నలుపు. ఇల్లంతయు "ప్యానెల్ పోయింది" అని నిశ్చయించుకొనును. అప్పుడు గదిలో దీపములార్పి, టార్చిలైటును తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టి చూడవలెను. ఆ వెలుగులో మనుష్యుల నీడలు లీలగా కదలుచున్నచో ప్యానెల్ బొమ్మను వేయుచునే యున్నది, దానికి వెనుకనుండి వెలుగు మాత్రము అందుటలేదు. చెడినది బ్యాక్‌లైటో, దానికి కరెంటునిచ్చు భాగమో అయియుండవలెను. వినాయకచవితి పందిరికి కట్టు సీరియల్ సెట్టులో ఒక్క బల్బు పోయిన వరుసయంతయు ఆరిపోవునట్లే, వరుసగా కలిపిన ఈ ఎల్‌ఈడీలలో ఒకటి తెగిన తక్కినవన్నియు చల్లబడును.

దీనిని బాగుచేయు పని చూడదగినది. మరమ్మతు దుకాణములో బల్లమీద మందపాటి దుప్పటి పరచి, టీవీని దానిపై బోర్లించి, వెనుక మూత మరలు విప్పి, బోర్డులకు పోవు తీగలను ఒక్కొక్కటిగా వదులుచేయుదురు. పిమ్మట నిద్దరు మనుష్యులు చెరియొక వైపున నిలిచి, అద్దమువలె పలుచనైన ప్యానెల్‌ను వంగకుండ పైకెత్తి పక్కన పెట్టుదురు. "అన్నా, నీ వైపు కొంచెం దించు... ఫిల్ము తగుల్తోంది, చూసుకో" అని పనివాడు మెల్లగా హెచ్చరించుచుండును, ఆ అంచు పట్టీ ఒక్కటి చిరిగిన, బాగుచేయ వచ్చిన టీవీ బాగుచేయరానిదగును. ప్యానెల్ తీసిన పిమ్మట వెలుగును సమముగా పరచు తెల్లని షీట్లు రెండు మూడు వచ్చును. వాని క్రింద, తెల్లని పళ్లెమునకు అంటించిన సన్నని పట్టీలమీద, చిన్న బుడిపెల మూతలతో ఎల్‌ఈడీలు వరుసగా కనబడును. టెస్టరు సూదులను ఒక్కొక్కదాని మీద ఆనించిన బాగున్నవి తళుక్కుమనును; చెడినది నల్లని చుక్కయై యుండును. ఆ ఒక్కదానిని మాత్రము మార్చుట చవుక. కాని ఒకే ఈడుగల తక్కినవియు త్వరలో పోవు ప్రమాదము కలదు గనుక, తెలిసినవారు పట్టీల సెట్టునంతటిని మార్చుదురు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి విడిభాగముల బజారులలో ఇట్టి సామగ్రి దొరకును.

ఇంతవరకు చదివి, స్క్రూడ్రైవరు చేతబట్టి తామే మూత తీయబూనువారికి ఒక హెచ్చరిక. ప్లగ్గు తీసిన పిమ్మటను పవర్ బోర్డులోని పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండగలదు. లక్షణములను పోల్చుకొనుట గృహస్థుని పని. మూత తీయుట నేర్చినవాని పని.

ఎవరికి అప్పగింపవలెను

కంపెనీ సర్వీసు సెంటరువారు సాధారణముగా చెడిన బోర్డును తీసివేసి అసలైన కొత్త బోర్డు వేయుదురు. ఖర్చు అధికము, భాగమునకు నమ్మకము అధికము. వీధిలోని అనుభవశాలియైన మెకానిక్కు అదే బోర్డుమీద చెడిన ఫ్యూజునో, కెపాసిటరునో, ఐసీనో వెదకి పట్టుకొని దానినొక్కదానినే మార్చును. ఖర్చు స్వల్పము, ఫలితము అతని పనితనమును బట్టి యుండును. "ఈ మోడల్ ఆగిపోయింది సార్, పార్టు రాదు" అని కంపెనీవారు చేతులెత్తినచోట, మెకానిక్కు పాత టీవీల నుండి తీసిన బోర్డునో, పలు ప్యానెళ్లకు అమరునట్లు చేసిన యూనివర్సల్ బోర్డునో వేసి బొమ్మ తెప్పింపగలడు. అట్టి బోర్డుతో పాత స్మార్ట్ సదుపాయములు కొన్ని పోవచ్చునని ముందే తెలిసికొనవలెను.

ఎవరికిచ్చినను పాటింపవలసిన మర్యాదలు కొన్ని కలవు. పని మొదలుపెట్టకముందే దోషమేదో, ఖర్చెంతో కాగితముమీద వ్రాయించుకొనవలెను. టీవీని తీసికొనిపోవుచున్నచో మోడలు, సీరియలు సంఖ్యలతో జాబ్‌షీటు అడిగి పుచ్చుకొనవలెను. మార్చిన పాత భాగమును తిరిగి ఇమ్మని చెప్పవలెను. ఈ ఒక్క షరతు, మార్చకయే మార్చితిమని చెప్పు అలవాటును చాలవరకు అరికట్టును. వేసిన కొత్త భాగమునకు ఎన్నాళ్ల హామీయో బిల్లుపై వ్రాయింపవలెను.

కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్టులో వెదకి, మొదట కనబడినదానికి ఫోను చేయుట మాత్రము కూడదు. కంపెనీ పేరు పెట్టుకొనిన నకిలీ నంబర్లు అచట పొంచియుండును. "చిన్న యాప్ ఒకటి ఇన్‌స్టాల్ చేసుకోండి మేడమ్, పది రూపాయలు కట్టి రిజిస్టర్ చేయండి" అనుచు ఫోను తెరను తమ వశము చేసికొని, బ్యాంకు ఖాతాను ఊడ్చిపెట్టువారు కలరు. నంబరును టీవీతో వచ్చిన పుస్తకము నుండిగాని కంపెనీ సొంత వెబ్‌సైటు నుండిగాని గ్రహింపవలెను. మోసపోయినచో ఆలస్యము చేయక సైబరు నేరముల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయవలెను.

చట్టము ఎంతవరకు తోడ్పడును

2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో, వస్తువుయొక్క నాణ్యత, ప్రమాణము మొదలగువానిలోని కొరతయే లోపమని చెప్పబడినది. వారంటీ గడువులోనే అది బయటపడి తీరవలెనను నియమము ఆ నిర్వచనములో లేదు. వ్యాజ్యకారణము పుట్టిన రెండేండ్ల లోపల ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. అంతమాత్రమున ఆరేండ్లు వాడిన టీవీ అరిగిపోయినదని వినియోగదారుల కమిషనుకు పోయినచో నిలువదు. లోపము తయారీలోనే యున్నదని చూపవలసిన భారము సామాన్యముగా ఫిర్యాదుదారునిదే, అందుకు నిపుణుని నివేదిక అవసరము కావచ్చును. బలమైన వ్యాజ్యములు రెండు విధములు. వారంటీ కాలములోనే ఫిర్యాదు నమోదై, సరిగా బాగుపడక, గడువు తీరిన పిమ్మట మరల తలయెత్తిన లోపము మొదటిది. డబ్బు పుచ్చుకొని చేసిన మరమ్మతు నాసిగా నుండుట రెండవది. రుసుము చెల్లించినవాడు ఆ సేవకు వినియోగదారుడే గనుక, టీవీకి వారంటీ లేకున్నను ఆ సేవలోని లోపమునకు జవాబు అడుగు హక్కు అతనికి కలదు.

క్రమము కఠినమైనది కాదు. మొదట కంపెనీకి వ్రాతపూర్వకముగా తెలిపి ఫిర్యాదు సంఖ్య పుచ్చుకొనవలెను. పనికానిచో 1915 నంబరుగల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పవలెను. అనేక తగవులు అక్కడనే రాజీపడును. అదియు ఫలింపనిచో జిల్లా కమిషను. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు దాటనంతవరకు వ్యవహారము జిల్లా కమిషనుదే. 5 లక్షల లోపు అయినచో రుసుము లేదు. కొనిన ఊరికి పోనక్కరలేకుండ తానున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును, ఆన్‌లైనులోను దాఖలు చేయవచ్చును. పరీక్ష అక్కరలేని వ్యాజ్యములను మూడు నెలలలోను, వస్తువును పరీక్షింపవలసినవానిని అయిదు నెలలలోను తేల్చుటకు యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. దీనికంతటికి ఆధారము బిల్లు. దుకాణములిచ్చు నున్నని కాగితపు బిల్లుమీది అక్షరములు కొన్ని మాసములకే వెలిసిపోవును గావున, కొనిన నాడే దానిని, టీవీ వెనుకనున్న సీరియలు సంఖ్య చీటీని ఫోటో తీసి భద్రపరచుకొనవలెను.

చెడుటకు కారణములు

బాగుచేయించిన టీవీ మరల చెడకుండుటకు మొదటిసారి ఎందుకు చెడినదో తెలియవలెను. మన గ్రామములలో అన్నింటికన్న క్రూరమైన కారణము న్యూట్రల్ తీగ తెగుట. ట్రాన్స్‌ఫార్మరు నుండి వీధికి మూడు ఫేజు తీగలు, ఒక న్యూట్రల్ తీగ వచ్చును. ఒక్కొక్క ఇంటికి ఒక ఫేజు, న్యూట్రల్ కలిసి 230 వోల్టులనిచ్చును. గాలివానకు న్యూట్రల్ తెగినచో, వేర్వేరు ఫేజుల మీది ఇండ్లు రెండు ఫేజుల నడుమ నొకదాని వెంట నొకటి చేరి, సుమారు 400 వోల్టులను తమ వాడకమును బట్టి పంచుకొనును. నీళ్ల హీటరు వేసిన ఇంట బల్బు మందగించును. టీవీ, ఫ్యాను మాత్రమే తిరుగుచున్న ఇంట అదే బల్బు మిరుమిట్లు గొలుపును, నిమిషములలో పవర్ బోర్డు మాడును. దీపములు అకారణముగా మండిపడినట్లు వెలిగినచో, కారణము విచారింపక ముందే మెయిన్ ఆపివేసి, విద్యుత్తు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయవలెను. ఉరుముల వేళ ప్లగ్గుతోపాటు డిష్షు తీగనుగూడ ఊడదీయవలెను. పిడుగు తాకిడి ఆ తీగవెంటను లోపలికి ప్రవేశించును.

రెండవ శత్రువు వేడిమి. దాని పని నెమ్మదియైనది. 105 డిగ్రీల వద్ద 2000 గంటలు నిలుచునని గుర్తువేసిన కెపాసిటరు, ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకు ఆయువు ఇంచుమించు రెట్టింపగునను ఇంజనీర్ల లెక్కనుబట్టి, 85 డిగ్రీల వద్ద 8000 గంటలును, 65 డిగ్రీల వద్ద 32,000 గంటలును పనిచేయును. దినమునకు ఆరు గంటలు చూచు ఇంట 8000 గంటల ఆయువు నాలుగేండ్లు నిండకమునుపే తీరును. 32,000 గంటలది పదునాలుగేండ్లు దాటును. వెనుక గాలి ఆడకుండ గోడకు అదిమి బిగించుటకును, నాలుగు వ్రేళ్లు ఎడముంచుటకును గల భేదము ఈ వేడిమిలోనే కలదు. దుకాణములో కన్నులకు మిరుమిట్లు గొలుపుటకు పెట్టిన గరిష్ఠమైన బ్యాక్‌లైటును ఇంట తగ్గించుకొనినచో ఎల్‌ఈడీల ఆయువును పెరుగును.

బాగుచేయింపవలెనా, విడిచిపెట్టవలెనా

మరమ్మతు ఖర్చు అదే పరిమాణముగల కొత్త టీవీ ధరలో సగమును మించినచో ఆలోచింపవలెనన్నది వాడుకలోనున్న లెక్క. వయస్సునుగూడ చూడవలెను: రెండేండ్ల టీవీకి పెట్టిన ఖర్చు ఫలించునంతగా ఎనిమిదేండ్ల టీవీకి ఫలింపదు. 32 అంగుళములు దాటిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది గావున, పాత ధరను మనస్సులో పెట్టుకొని లెక్కవేయుట పొరపాటగును. విడిచిపెట్ట నిశ్చయించిన టీవీని పాతసామానువానికి వేయుటకు బదులు ఎక్స్‌ఛేంజిలోగాని అధికృత ఈ-వ్యర్థముల సేకరణ కేంద్రమునకుగాని ఇవ్వవలెను. పాత పిక్చర్ ట్యూబు గాజులో సీసమును, తొలినాటి ఎల్‌సీడీల దీపములలో పాదరసమును కలవు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమములు, టీవీలతో సహా ఇట్టి వస్తువుల పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారులపై మోపినవి.

బాధ్యత అంతటితో ఆగరాదు. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి 1 నుండి అమలైన నిబంధన ప్రకారము, ఒక మోడలు టీవీలో చివరిదానిని విపణికి పంపిన నాటినుండి కనీసము ఏడేండ్లపాటు పవర్ సప్లై మొదలగు విడిభాగములను మరమ్మతుదారులకు అందుబాటులో నుంచవలెను. మన దేశమున 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినమున, కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించి, సర్వీసు, విడిభాగముల వివరములను కంపెనీలు ఒకచోట తెలుపునట్లు చేసినది. అది మంచి ఆరంభము. వివరములు తెలుపుటకును, భాగము చేతికందుటకును నడుమ దూరమింకను కలదు. ఆ దూరమును తగ్గింపగలవాడు కొనువాడే. దుకాణములో మనము అంగుళములడుగుదుము, రంగులడుగుదుము, వాయిదాలడుగుదుము, "దీని బోర్డు, స్ట్రిప్పులు ఇంకా ఎన్నేళ్లు దొరుకుతాయి?" అని అడుగువారు మాత్రము అరుదు. అమ్మువానికి ఈ ప్రశ్న దినమునకు పదిమారులు ఎదురైన నాడు, దాని సమాధానమును కంపెనీలు వారంటీ పత్రముమీదనే అచ్చువేయక తప్పదు.